రుడాల్ఫ్ డీజిల్

యంత్రమునుండి మానవుడు రెండు ఫలములను కోరును. మొదటిది బలము, రెండవది పొదుపు. ఈ రెండును ఒక్కచోట కుదురుట కష్టము. బరువైన బండిని లాగు గుఱ్ఱము ఎక్కువ మేత మేయును. కొద్దిమేతతో తృప్తిపడు గుఱ్ఱము బరువు లాగలేదు. యంత్రముల విషయమునను చిరకాలము ఇట్లే జరిగెను. ఎక్కువ శక్తి నిచ్చు యంత్రము ఎక్కువ బొగ్గునో, ఎక్కువ చమురునో మ్రింగుచుండెడిది. బలమును, పొదుపును కలిపి ఒకే యంత్రమున సాధింపవచ్చునా యను ప్రశ్నకు తన జీవితమునంతను ధారపోసిన యంత్రశిల్పి రుడాల్ఫ్ డీజిల్. నేడు లారీలను, ఓడలను, పొలములలోని ట్రాక్టర్లను నడుపు యంత్రమునకు అతని పేరే నిలిచినది. ఆ యంత్రము త్రాగు చమురునకును అదే పేరు. ప్రతిదినము ఆ పేరును పలుకువారు లక్షలకొలది గలరు. కాని అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు తక్కువ.

డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అతని తలిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతమువారు. బ్రతుకుతెరువునకై పారిసులో స్థిరపడిరి. తండ్రి థియొడోర్ పుస్తకములకు అట్టలు కట్టువాడు. పిమ్మట తోలుసామానులు చేసి అమ్ముచు కుటుంబమును పోషించెను. సంపాదన స్వల్పము. బాలుడైన రుడాల్ఫ్ తండ్రి చేసిన సామానులను చిన్న తోపుడుబండిపై పెట్టుకొని, కొనినవారి ఇండ్లకు చేరవేయుచుండెను. తీరిక దొరికినప్పుడెల్ల అతడు ఆ నగరములోని యంత్రముల ప్రదర్శనశాలకు పోవుచుండెను. పూర్వకాలపు ఆవిరిబండి యొకటి అచట భద్రపరుపబడి యుండెను. దానిని, తక్కిన యంత్రములను తనివితీర చూచి, వాని బొమ్మలను గీచికొనుట అతనికి ఆటలకంటెను ప్రీతి.

అతనికి పండ్రెండేండ్లు నిండినపుడు, అనగా 1870లో, ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము ఆరంభమాయెను. ఫ్రాన్సులో నివసించుచున్న జర్మనులు ఆ దేశమును విడిచి పోవలసివచ్చెను. డీజిల్ కుటుంబము సొంత ఇంటిని, వృత్తిని వదలుకొని లండను నగరమునకు చేరెను. అచట కుటుంబమునకు జరుగుబాటు కష్టమాయెను. బాలుని చదువు పాడుకాకుండుటకై తలిదండ్రులు అతనిని బవేరియాలోని ఆగ్స్‌బర్గు పట్టణమున నున్న బంధువులైన బార్నికెల్ దంపతుల యింటికి పంపిరి. యుద్ధకాలమున ఆ పసివాడు ఒంటరిగా, సముద్రము దాటి, రైళ్లు మారుచు తన గమ్యస్థానమును చేరెను. బార్నికెల్ వృత్తివిద్యా పాఠశాలలో గణితోపాధ్యాయుడు. ఆ యింటి నెమ్మది, ఆ పాఠశాలలోని శిక్షణ బాలునికి మేలు చేసెను. తాను యంత్రశిల్పి కాదలచితినని పదునాలుగేండ్ల వయస్సుననే అతడు తలిదండ్రులకు జాబు వ్రాసెను. 1873లో తరగతియందు ప్రథముడుగా నెగ్గెను. కుమారుడు వెంటనే ఉద్యోగమున చేరి నాలుగు డబ్బులు తెచ్చిన బాగుండునని తలిదండ్రులు ఆశించిరి. కాని 1875లో విద్యార్థివేతనము లభించుటచే అతడు మ్యూనిక్ నగరములోని సాంకేతిక కళాశాలలో చేరెను.

ఆ కళాశాలలో కార్ల్ లిండే అను ఆచార్యుడు ఉష్ణమును గూర్చిన శాస్త్రమును బోధించుచుండెను. మంచుగడ్డలను తయారుచేయు యంత్రములను నిర్మించి ప్రసిద్ధికెక్కిన విద్వాంసుడాయన. ఒకనాటి పాఠమున ఆయన ఆవిరియంత్రమును గూర్చి ఒక సంగతి చెప్పెను. ఆ యంత్రమున కాల్చిన బొగ్గునుండి పుట్టు వేడి నూరు పాళ్లనుకొనినచో, పనిగా మారునది ఆరు మొదలు పది పాళ్లు మాత్రమే. మిగిలినదంతయు పొగగొట్టము వెంటను, చల్లబరచు నీటి వెంటను వ్యర్థముగా పోవుచున్నది. తక్కిన విద్యార్థులు ఈ సంగతిని పరీక్షకొరకు వ్రాసికొనిరి. డీజిల్ మాత్రము తన నోటుపుస్తకపు అంచున, ఇంతకంటె మేలైన యంత్రము సాధ్యమేమో విచారింపవలెనని తనకుతానే ఒక పని నిర్ణయించుకొనెను. ఆ అంచున వ్రాసికొనిన పని ఆతని జీవితకార్యమాయెను.

1879లో పరీక్షల సమయమునకు అతనికి టైఫాయిడు జ్వరము వచ్చెను. పరీక్ష తప్పిపోయెను. తరువాతి పరీక్షవరకు కాలము వ్యర్థము చేయక, స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ పట్టణమున సుల్జర్ యంత్రశాలలో పనిచేసి చేతిపనిని నేర్చెను. 1880 జనవరిలో పరీక్షకు కూర్చుండి అత్యున్నతశ్రేణిలో ఉత్తీర్ణుడాయెను. వెంటనే లిండే తన శిష్యుని పారిసునకు పంపి, అచట నిర్మింపబడుచున్న మంచుగడ్డల కర్మాగారపు పనిలో నియమించెను. యుద్ధమువలన విడిచిపోయిన నగరమునకు యువకుడు ఇట్లు ఇంజనీరుగా తిరిగివచ్చెను. 1883లో మార్తా ఫ్లాషె యను యువతిని వివాహమాడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. పగలంతయు మంచుయంత్రముల పని. తీరిక దొరికినపుడు సొంత ప్రయోగములు. నీటియావిరికి బదులుగా అమ్మోనియా ఆవిరితో యంత్రమును నడుపవలెనని అతడు కొన్ని సంవత్సరములు శ్రమించెను. అది ఫలింపలేదు. కాని ఆ శ్రమవలన, మిక్కిలి పీడనముగల వాయువులు ఎట్లు ప్రవర్తించునో అతనికి చక్కగా తెలిసినది. 1890లో అతడు కుటుంబముతో బెర్లిను నగరమునకు తరలిపోయెను.

ఆవిరియంత్రము ఏల అంత దుబారా చేయును? నిప్పు ఒకచోట, పని వేరొకచోట జరుగుటయే అందులకు ముఖ్యకారణము. పొయ్యిలో బొగ్గు మండవలెను. ఆ వేడిచేత నీరు కాగవలెను. ఆవిరి గొట్టములగుండా పోయి సిలిండరులోని పిస్టనును నెట్టవలెను. ఈ ప్రయాణమున అడుగడుగునను వేడి తరిగిపోవును. ఇంధనమును సిలిండరులోపలనే మండించు యంత్రములను అప్పటికే కొందరు నిర్మించియుండిరి. ఆ యంత్రములలో గాలిని, ఇంధనపు ఆవిరిని ముందుగానే కలిపి, కొంత అదిమి, నిప్పురవ్వతో అంటింతురు. కాని ఆ మిశ్రమమును ఎక్కువగా అదిమినచో అది వేడెక్కి, సమయము రాకముందే తనంతతాను మండిపోవును. ఎంత అదిమిన అంత లాభము. కాని అదుముటకు వీలులేదు. ఇది చిక్కు.

ఈ చిక్కును డీజిల్ ఒక సులభమైన ఆలోచనచే విప్పెను. సైకిలు చక్రమునకు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుట పిల్లలందరికి తెలిసినదే. గాలిని అదిమినచో వేడి పుట్టును. మిక్కిలి ఎక్కువగా, మిక్కిలి వేగముగా అదిమినచో నిప్పంటుకొనునంత వేడి పుట్టును. ఆగ్నేయాసియాలోని ప్రజలు వెదురుతోను, కొమ్ముతోను చేసిన చిన్న గొట్టమున గాలిని ఒక్క పోటున అదిమి, లోపలి దూదిని అంటించుకొనుట పూర్వమునుండి ఎరుగుదురు. డీజిల్ ఈ ధర్మమునే యంత్రమునకు అన్వయించెను. సిలిండరులో గాలిని మాత్రమే నింపవలెను. దానిని గట్టిగా అదిమి, మిక్కిలి వేడియగునట్లు చేయవలెను. అపుడు చమురును కొలతప్రకారము లోనికి చిమ్మవలెను. చమురు ఆ వేడిగాలి తగిలినంతనే మండును. నిప్పురవ్వ అక్కరలేదు, తొందరపడి మండు భయమును లేదు, గాలిని ఎంత అదిమినను బాధలేదు.

ఈ తలంపునకు 1893 ఫిబ్రవరిలో జర్మనీలో పేటెంటు లభించెను. ఆ సంవత్సరమే అతడు తన సిద్ధాంతమును వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. యంత్రమును చేయించుటకు ధనమెవరిత్తురు? పలువురు తిరస్కరించిన పిమ్మట, తాను చదివిన ఆగ్స్‌బర్గు పట్టణములోని యంత్రశాలాధిపతి హైన్రిక్ బుజ్ సమ్మతించెను. ఉక్కుపరిశ్రమకు పేరొందిన క్రుప్ సంస్థయు తోడ్పడెను.

1893 ఆగస్టు 10వ తేదీన మొదటి యంత్రమునకు పరీక్ష జరిగెను. సిలిండరులో చమురు పడగానే మండినది. సిద్ధాంతము సత్యమని తేలినది. కాని పీడనము మితిమీరి, దానిని కొలుచు సాధనము బ్రద్దలై ముక్కలు ఎగిరిపడెను. ప్రక్కన నిలిచినవారు అదృష్టవశమున బ్రతికిరి. ఆ యంత్రము తనంతతాను ఒక్క చుట్టైనను తిరుగలేదు. డీజిల్ నిరుత్సాహపడలేదు. కాగితముపై తాను వేసిన లెక్కలో గాలిని 250 వాతావరణముల పీడనమునకు అదుమవలెనని యుండెను. నాటి ఇనుము అంతటి ఒత్తిడిని ఓర్వజాలదని గ్రహించి, లెక్కను సవరించి, పీడనమును మిక్కిలి తగ్గించెను. పనివారితోపాటు నూనె మరకల నడుమ నిలిచి, ఒక్కొక్క భాగమును విప్పి మరల బిగించెను.

1894 ఫిబ్రవరి 17వ తేదీన ఒక చిన్న సంఘటన జరిగెను. అంతవరకు యంత్రమును కర్మాగారపు పట్టా బెల్టు త్రిప్పుచుండెను. ఆనాడు ఆ బెల్టు అకస్మాత్తుగా వదులైనట్లు ఒక పనివాడు గమనించెను. అనగా బెల్టు యంత్రమును త్రిప్పుట మానినది. యంత్రమే బెల్టును త్రిప్పుచున్నది. ఆ పనివాడు మాటాడక తన టోపీని తీసి డీజిలునకు వందన మొనర్చెను. యంత్రము ఒక నిమిషముమాత్రము తనంతతాను నడచి ఆగిపోయెను. ఆ యొక్క నిమిషమునకై అతడు పదునాలుగేండ్లకు పైగా ఎదురుచూచియుండెను.

ఇంకను మూడేండ్ల కృషి పట్టెను. 1897 ఫిబ్రవరి 17వ తేదీన మ్యూనిక్ కళాశాల ఆచార్యుడైన మోరిట్జ్ ష్రోటర్ నూతనయంత్రమును శాస్త్రీయముగా పరీక్షించెను. ఒకే సిలిండరుగల ఆ యంత్రము సుమారు 20 అశ్వశక్తి నిచ్చెను. అది త్రాగిన చమురును, చేసిన పనిని తూచి చూడగా, చమురులోని వేడిలో నూటికి 26.2 పాళ్లు పనిగా మారినట్లు తేలెను. లిండే పాఠమున చెప్పిన ఆవిరియంత్రమున నూటికి పది పాళ్లైనను దక్కుట అరుదు. అంతటి పొదుపరియైన ఉష్ణయంత్రమును లోకము అంతకుముందు ఎరుగదు. ఆ వేసవిలో కాసెల్ పట్టణమున జరిగిన జర్మను ఇంజనీర్ల మహాసభలో డీజిల్, ష్రోటర్ ఈ ఫలితములను వివరించిరి. నోటుపుస్తకపు అంచున వ్రాసికొనిన పని నెరవేరెను.

కీర్తి వెల్లువవలె వచ్చెను. అమెరికాలో ఈ యంత్రమును నిర్మించు హక్కునకై అడాల్ఫస్ బుష్ అను వర్తకుడు పదిలక్షల మార్కు లిచ్చెను. రష్యాలోను, ఇతర దేశములలోను హక్కులు అమ్ముడుపోయెను. తోపుడుబండి త్రోసిన బాలుడు కోటీశ్వరుడాయెను. మ్యూనిక్ నగరమున భవనము వెలసెను. కాని యంత్రముల లెక్కలో ఒక్క రవ్వయు పొల్లుపోనీయని ఆ మనుష్యుడు ధనవిషయమున అంత జాగరూకుడు కాలేకపోయెను. మొదట అమ్ముడుపోయిన యంత్రములు ఇంకను పరిపక్వము కానివి. కొన్నవారి యొద్ద అవి పలుమారు చెడిపోయి నిందలు తెచ్చెను. పేటెంటుపై వ్యాజ్యములు నడచెను. అధికశ్రమవలన తలనొప్పి, నిద్రలేమి కలిగి, 1898లో అతడు ఆరోగ్యశాలలో విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. చమురుగనులపైని, భూములపైని పెట్టిన పెట్టుబడులు నష్టమాయెను. ఆగ్స్‌బర్గులో అతని పేరిట స్థాపింపబడిన కర్మాగారము సాగలేదు.

ధనముకంటెను అతని మనస్సున మెదలిన ఆశయము వేరొకటి కలదు. ఆవిరియంత్రము పెద్దదైననేగాని గిట్టుబాటు కాదు. కావున అది పెద్ద కర్మాగారముల యజమానులకే లాభకరము. చేనేతగాడు, వడ్రంగి, కమ్మరి మొదలగు చిన్న వృత్తులవారు దాని ధాటికి నిలువలేక కూలిపనికి పోవుచుండిరి. చిన్నదైనను పొదుపుగా నడచు యంత్రము దొరికినచో వారు తమ యింటనే స్వతంత్రముగా జీవింపవచ్చునని డీజిల్ తలంచెను. 1903లో శ్రామికుల సహకారమును గూర్చి ఒక గ్రంథమునుకూడ వ్రాసెను. దానిని కొనినవారు అతిస్వల్పము. అతని యంత్రము అప్పటికి చిన్న కొట్టమున ఇముడునంత చిన్నది కాలేదు. అది ముందుగా పెద్ద కర్మాగారములకును, పిమ్మట ఓడలకును చేరెను.

ఇంధనము విషయమున అతని చూపు దూరము. 1900లో పారిసున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున డీజిల్ యంత్రమునకు అగ్రబహుమానము లభించెను. అచట ఒక చిన్న డీజిల్ యంత్రమును వేరుశనగనూనెతో నడిపి చూపిరి. ఏ మార్పును లేకుండ అది చక్కగా నడచెను. పొలమున పండిన గింజలనూనెతో యంత్రము నడచినచో, బొగ్గుగనులు, చమురుబావులు లేని దేశములుకూడ తమ శక్తిని తామే పండించుకొనవచ్చునని డీజిల్ తన కడపటి సంవత్సరములలో ఉపన్యసించెను. ఆ మాటను నాడు పట్టించుకొనినవారు తక్కువ. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1970 తరువాతి కాలమున, చమురుకొరత ఏర్పడినపుడు లోకము దానిని జ్ఞప్తికి తెచ్చుకొనెను.

1903లో వోల్గానదిపై నడచు వాండాల్ అను చమురుఓడకు డీజిల్ యంత్రములు అమర్చిరి. 1912లో సెలాండియా అను పెద్ద ఓడ కోపెన్‌హేగన్ నుండి బాంకాకునకు ప్రథమయాత్ర సాగించెను. దానికి పొగచిమ్ము ఎత్తైన గొట్టము లేదు. బొగ్గు ఎగద్రోయు కూలీలు లేరు. రేవులలో జనులు దానిని వింతగా చూచిరి. అదే సంవత్సరము డీజిల్ అమెరికాలో పర్యటించి గౌరవములను పొందెను. కాని ఇంటిలోని లెక్కలు నానాటికి క్షీణించుచుండెను. ఆ సంగతిని అతడు బయటివారికి తెలియనీయలేదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున అతడు బెల్జియములోని ఆంట్‌వెర్ప్ రేవున డ్రెస్డెన్ అను ఓడనెక్కి ఇంగ్లాండునకు బయలుదేరెను. అచట ఒక డీజిల్ కర్మాగారమునకు సంబంధించిన పని యుండెను. మిత్రులిరువురితో కలిసి భోజనము చేసి, రాత్రి పదిగంటల ప్రాంతమున, ఉదయము ఆరుంబావుకు లేపవలెనని చెప్పి తన గదికి పోయెను. ఉదయము గది తెరచి చూడగా అతడు లేడు. పడక నలుగలేదు. అతని టోపీ, పైకోటు ఓడ పైతట్టుపై దొరికెను. కొన్ని దినములకు ఒక డచ్చి నావికులు సముద్రమున ఒక దేహమును కనుగొని, జేబులలోని వస్తువులను తీసికొనివచ్చిరి. అవి తన తండ్రివని కుమారుడు గుర్తించెను. దేహము సముద్రముననే కలిసిపోయెను. అతడు ఎట్లు మరణించెనో నిశ్చయముగా చెప్పగలవారు నాడును లేరు, నేడును లేరు. అతని వయస్సు యాబదియైదేండ్లు. అప్పులు ఎంత పేరుకొనిపోయెనో అతని మరణానంతరముగాని లోకమునకు తెలియలేదు.

డీజిల్ గతించెను, అతని ప్రశ్న గతింపలేదు. నూటికి 26 పాళ్లు దక్కినవి సరే, మిగిలిన పాళ్లమాట ఏమి? అందులో పెద్దభాగము వేడిపొగగా సిలిండరునుండి వెలుపలికి పోవుచున్నది. ఆ పొగలోని శక్తిని పట్టుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము, యువకుడైన డీజిల్ చేతిపని నేర్చిన వింటర్‌టూర్ పట్టణముననే పుట్టిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి యను ఇంజనీరు కనుగొనెను. 1905లో అతడు దానికి పేటెంటు పొందెను. అదియే నేడు టర్బోఛార్జరు అని పిలువబడునది.

దాని పని ఇట్టిది. వెలుపలికి పోవు వేడిపొగ దారిలో ఒక చిన్న చక్రమును ఉంచుదురు. గాలిమరను గాలి త్రిప్పినట్లు, పొగ ఆ చక్రమును మహావేగముగా త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొనయందు మరియొక చక్రముండును. అది వెలుపలిగాలిని అదిమి సిలిండరులోనికి కుక్కును. మామూలుగా పట్టు గాలికంటె ఎక్కువ గాలి పట్టుటచే, ఎక్కువ చమురును సంపూర్ణముగా మండింపవచ్చును. చిన్న యంత్రము పెద్దయంత్రపు బలమును చూపును. వ్యర్థమైపోవు పొగయే ఈ పనిచేయుటచే దానికొరకు వేరుగా ఇంధనము ఖర్చుచేయ నక్కరలేదు. 1926లో ఇట్టి యంత్రములతో రెండు జర్మను ఓడలు నీటిలోనికి దిగినవి. వాని యంత్రములు 1750 అశ్వశక్తికి బదులుగా 2500 అశ్వశక్తి నిచ్చెను.

ఓడనుండి మోటారుకారునకు ఈ విద్య చేరుటకు చాలకాలము పట్టెను. డీజిల్ యంత్రమును కారులో ఇమిడించుటయే మొదట కష్టము. చమురును చిమ్ముటకు డీజిల్ కాలమున బరువైన గాలియంత్రము కావలసియుండెను. 1927లో బాష్ సంస్థ చమురును నేరుగా చిమ్ము చిన్న పంపును విరివిగా తయారుచేయసాగెను. తత్ఫలితముగా 1936లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ డీజిల్ కారును జనులకు అందించెను. అది పొదుపరి, కాని మందగమనము గలది. ధనికులు కోరు పెద్ద కార్లకు బలమే ప్రధానమై యుండెను. 1973లో చమురుధరలు ఒక్కసారిగా పెరిగెను. కారు ఒక గ్యాలను చమురుతో సగటున ఎన్ని మైళ్లు నడువవలెనో నిర్ణయించుచు అమెరికా 1975లో చట్టము చేసెను. విలాసవంతమైన కార్లు చేయువారికి సంకటము కలిగెను. బలము తగ్గించినచో కొనువారు రారు. చమురు తగ్గింపకున్నచో చట్టము ఒప్పదు.

ఆ సంకటమునుండి తప్పించినది బ్యూకి చక్రమే. 1978లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ తన పెద్ద కారులో టర్బోతో కూడిన మూడు లీటర్ల డీజిల్ యంత్రమును పెట్టి అమెరికాలో అమ్మజూపెను. టర్బో లేనిచో సుమారు 80 అశ్వశక్తి నిచ్చు యంత్రము టర్బోతో సుమారు 110 అశ్వశక్తి నిచ్చెను. తరువాత పెట్రోలు కార్లును ఆ మార్గమునే పట్టెను. 2011లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఒక పెద్దకారునందు ఆరు సిలిండర్ల మూడు లీటర్ల యంత్రమును తీసివేసి, నాలుగు సిలిండర్ల రెండు లీటర్ల టర్బో యంత్రమును అమర్చెను. బలము ఇంచుమించు అంతే నిలిచెను. పెట్రోలు ఖర్చు తగ్గెను.

ఇందులోని కీలకమును గ్రహించుట సులభము. పెద్దకారుకైనను ఎల్లవేళల పూర్తిబలము అక్కరలేదు. సమతలమైన బాటపై నెమ్మదిగా పోవునపుడు చిన్నయంత్రము కొద్దిచమురుతోనే సరిపుచ్చుకొనును. మిట్ట నెక్కునపుడు, వేగము పెంచవలసినపుడు టర్బో దానికి తోడుపడును. నడుపువాడు ఎల్లప్పుడును వేగమునే కోరినచో ఆ పొదుపు మాత్రము మిగులదు. యంత్రము పొదుపునకు అవకాశ మిచ్చును. దానిని నిలుపుకొనుట నడుపువాని చేతిలోనిది. డీజిల్ పొగలోని మసి, విషవాయువులు ఊపిరికి హానిచేయునన్న సంగతియు నేడు మరువరానిది. వానిని వడకట్టు సాధనములను శాస్త్రజ్ఞులు పిమ్మట చేర్చిరి.

నేడు మహాసముద్రములపై పోవు పెద్ద ఓడలలోని టర్బో డీజిల్ యంత్రములు ఇంధనపు వేడిలో నూటికి ఏబదికి పైగా పాళ్లను పనిగా మార్చుచున్నవి. ఆరేడు పాళ్లతో ఆరంభమైన లెక్క ఇంతదూరము వచ్చినది. దీనిని ఒక్కడు సాధింపలేదు. లిండే చెప్పిన సత్యమును డీజిల్ పనిగా స్వీకరించెను. డీజిల్ విడిచిన పొగను బ్యూకి శక్తిగా మార్చెను. పేరుతెలియని పనివారు వేలకొలది చేతులు కలిపిరి. డీజిల్ జీవితమున ధనము నిలువలేదు, ఆరోగ్యము నిలువలేదు, అంత్యమున శాంతియు దొరకలేదు. కాని తరగతిగదిలో విన్న ఒక చిన్న సంగతిని ఊరక విడువక, పట్టుదలతో వెంటాడిన విద్యార్థి లోకమునకు ఎంత మేలు చేయగలడో ఆతని చరిత్ర తెలుపుచున్నది. బాటపై లారీ పోవుచున్నపుడు వినవచ్చు ఆ మ్రోతలో, నోటుపుస్తకపు అంచున ఒక యువకుడు వ్రాసికొనిన ప్రశ్నకు జవాబు నేటికిని వినబడుచున్నది.